ఎర్ర వరుస తీసేయని కోడలు

మా చిన్న కోడలు పోయింది. పోయిన నెల, తెల్లవారే వేళ, హైదరాబాద్ దవాఖానలో. నా కొడుకు ఫోన్ చేసేసరికి నేను కొట్టంలో ఎద్దులకు కుడితి పెడుతున్నాను. వాడు "నాయినా" అని ఆగిపోయాడు. చేతులు కడుక్కోకుండానే వచ్చి అరుగు మీద కూర్చున్నాను. మా ఇంటామె గడప దగ్గర నిలబడి నా ముఖం చూసి అక్కడే కూలబడింది.

చివరిచూపుకు ఊరంతా వచ్చింది. మంచి పిల్ల అన్నారు, అత్తమామలను బాగా చూసుకుంది అన్నారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ ఆమె ఏం పని చేసేదని ఒకాయన అడిగితే ఇంకొకాయన "కంప్యూటర్ల ఏందో గళ్లకు రంగులేస్తుండె" అన్నాడు. నాకు అది సహించలేదు. చచ్చిన మనిషి ముందు కొట్లాడకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి దగ్గరే ఆగింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. నేను ఎవరినీ ఊరికే పొగిడే మనిషిని కాదని గద్వాల చుట్టుపక్కల పశువులు కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ తెలుసు.

ఆమెది కొల్లాపూర్ అవతల, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు ఊరు. వనపర్తిలో చదువుకుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుండగా నా చిన్న కొడుకుతో పెళ్లి కుదిరింది. వాడిది గద్వాలలో విత్తనాల కంపెనీలో పని. కరోనా తర్వాత ఆమె ఆఫీసు వాళ్లు ఇంటి నుంచే చేసుకోమన్నారు. మా ఇంట్లో సిగ్నల్ నిలకడగా ఉండేది మేడ మీదనే, కింద వస్తూ పోతూ ఉంటుంది. అందుకని నీళ్ల ట్యాంకు పక్కన నేనే నాలుగు గుంజలు నిలబెట్టి, రేకులు కప్పి ఇచ్చాను. ఎండాకాలం ఆ రేకుల కింద ఎట్లా కూర్చునేదో నాకు అర్థమయ్యేది కాదు. తడిపిన గోనెసంచి పైన పరిచేది. స్టీలు గ్లాసును చున్నీ కొంగుతో పట్టుకుని చాయ్ తాగేది. ఇంకో చేత్తో వేయించిన పల్లీలు. పిల్లలు కలగలేదు. ఆ బాధ మా ముందు ఎన్నడూ పెట్టలేదు.

ఏం పని అని నేనే ఒకరోజు అడిగాను. ఆమె కంపెనీ దవాఖానల కోసం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రోగి వస్తే పేరు కొట్టగానే వాళ్ల కార్డు తెర మీదికి రావాలి, ఏ మందు, ఏ సూది అన్నీ అందులో కనపడాలి. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వేరే ఉంటారు. అది సరిగ్గా పనిచేస్తున్నదా లేదా అని పరీక్ష పెట్టేది ఈమె. ఆ పరీక్షలు కూడా ఈమె ఒకటొకటిగా కూర్చుని చేయదు. ఎట్లా చేయాలో యంత్రానికి ఒకసారి రాసిపెడుతుంది. ఆఫీసులో ఉన్న యంత్రం రోజూ పొద్దున్నే అన్నీ తానే చేసుకుని, ఫలితాలను ఆన్‌లైన్ షీటులో పడేస్తుంది.

షీటు అంటే గళ్ల కాగితం అనుకోండి. కాకపోతే అది కాగితం కాదు, ఫోన్‌లో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాడు, బెంగళూరులో ఉన్నవాడు, మా మేడ మీద ఉన్న ఆమె, అందరూ ఒకేసారి అదే షీటు చూడొచ్చు. ఒక్కో పరీక్షకు ఒక్కో వరుస. పాసైతే ఆకుపచ్చ, ఫెయిలైతే ఎరుపు. మా ఇంటామె మొదటిసారి చూసి "పొలం లెక్కనే ఉంది గదనే" అన్నది.

అంతకుముందు ఆ ఆఫీసులో పద్ధతి వేరట. పరీక్షలు చేసినవాళ్లు ఫలితం రాసి మేనేజరుకు పంపేవాళ్లు. ఆయన దాన్ని కొంచెం తియ్యగా మార్చి, సాఫ్ట్‌వేర్ కొనే దవాఖానల వాళ్లకు పంపేవాడు. ఈమె ఆ దారి మూసేసింది. యంత్రం నేరుగా షీటులో రాసేట్టు చేసింది. కొనేవాళ్లు కూడా అదే షీటు చూస్తారు. "నడుమ చెయ్యి ఉండొద్దు మామా" అన్నది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నేను బతికింది నడుమ చెయ్యిగానే. పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు చేయించేవాడిని. మా బేరం నోటితో ఉండదు. అమ్మేవాడి చేయి, నా చేయి ఒక తువ్వాల కింద కలుస్తాయి. వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటాం. చుట్టూ వందమంది నిలబడ్డా ఒక్కడికీ తెలియదు. ఆమె అది చూస్తానంటే ఒక శనివారం తీసుకుపోయాను. దుమ్ములో నిలబడి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని అంతా చూసింది. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద అడిగింది.

"ఏం దాస్తున్నరు మామా గా తువ్వాల కింద? దొంగ బేరమా?"

నాకు కోపం వచ్చింది. "అమ్మేటోడు అక్కర పడి అమ్ముతడు బిడ్డా. ఎంత తక్కువకు ఒప్పుకుండో పదిమందికి తెలిస్తే వాని ఇజ్జత్ పోతది. గందుకే తువ్వాల."

"మరి ఎద్దు కుంటిదైతే?"

"దాన్ని అందరి ముందట నడిపిస్త. పండ్లు తెరిచి చూపిస్త. ఎద్దు మీద తువ్వాల కప్పే అలవాటు నాకు లేదు."

ఆమె నవ్వింది. ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. ఆ తర్వాత నేను ఎప్పుడు గొప్పలు చెప్పుకున్నా "తువ్వాల తీయి మామా" అని ఆటపట్టించేది. మా ఇంట్లో నాతో అట్లా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కొత్త పరీక్ష రాసినప్పుడల్లా, మొదట కావాలని ఏదో ఒకటి చెడగొట్టి, అది ఎర్రగా వస్తుందా లేదా చూసేది. బాగున్నదాన్ని చెడగొట్టడం ఏందని అడిగాను. "ఒక్కసారన్న ఎర్రగ కాని పరీక్షను నేను నమ్మ. అది కండ్లు మూసుకుని అన్నింటికీ పచ్చ కొడుతుండొచ్చు" అన్నది. నేను కూడా ఎద్దును కొనేముందు దాని వెనక కాలు తాకి చూస్తాను, తన్నుతుందా లేదా అని. ఆ సంగతి చెప్తే ఆమె మెచ్చుకున్నది. ఆమె మెచ్చుకుంటే నాకు బాగుండేది, దాచుకోను.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. మా ఇంటామె పేరు జములమ్మ. గద్వాల ప్రాంతంలో ఆ అమ్మవారి పేరు పెట్టుకోని ఇల్లు లేదు. నా పేరు తిమ్మప్ప. అది మల్దకల్ గుడిలో స్వామి పేరు, అదీ ఇంటింటా ఉంటుంది. సంతలో ఎవరైనా తిమ్మప్పా అని కేకేస్తే నలుగురం తిరిగి చూస్తాం.

ఒకసారి మా ఇంటామెకు జ్వరం వచ్చి ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించాం. ఏ దవాఖానో చెప్పను, అవసరం లేదు. పక్క మంచంలో ఇంకొక ఊరి జములమ్మ ఉంది. ఆమెకు చక్కెర జబ్బు. నర్సు పిల్ల సూది పట్టుకుని వచ్చి జములమ్మ ఎవరని అడిగితే ఇద్దరూ చేయి ఎత్తారు. వయసు అడిగితే ఇద్దరూ అరవై అన్నారు, సరిగ్గా ఎంతో ఇద్దరికీ తెలియదు కాబట్టి. అయితే మొగుడి పేరు చెప్పమన్నది. ఇద్దరూ తల వంచుకున్నారు. మా దగ్గర పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. నర్సు గట్టిగా అడిగితే మా ఇంటామె "మల్దకల్ స్వామి పేరే" అన్నది. పక్కామె "మా ఆయనదీ గదే" అన్నది. నర్సుకు ఏమీ తోచక, దగ్గరగా ఉన్న చేయి పట్టుకున్నది. అది మా ఇంటామె చేయి. పక్కామెకు వేయాల్సిన, చక్కెర దించే సూది. అప్పుడే చాయ్ తీసుకుని లోపలికి వస్తున్న మా కోడలు గ్లాసు కింద పడేసి, ఆ నర్సు మణికట్టు పట్టుకుని ఆపింది.

అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. ఇంటికి వచ్చి మేడ ఎక్కి ఒక పరీక్ష రాసింది. ఒకే పేరు, మొగుడి పేరు ఒకటే, వయసు ఒకటే ఉన్న ఇద్దరు ఆడవాళ్లను తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, రెండో ఆమె కార్డు అడగాలి. ఎవరి కార్డు వస్తుంది? పొద్దున షీటులో చూస్తే ఎర్రగా ఉంది. వాళ్ల సాఫ్ట్‌వేర్ కూడా ఆ నర్సు లాగే మొదటి ఆమె చేయి పట్టుకున్నది.

ఆ వరుస అట్లాగే ఎర్రగా నిలబడిపోయింది. అది బాగు చేయాలంటే చాలా మార్చాలట, సమయం లేదట. అంతలోనే ఆమెకు జబ్బు బయటపడింది. గడ్డ అన్నారు. హైదరాబాద్‌లో మందు ఎక్కించేవాళ్లు, ఇంటికి పంపేవాళ్లు. జుట్టు పోయింది. తలకు రుమాలు కట్టుకుని అరుగు మీద నులక మంచంలో పడుకునేది. తెర చూస్తే వాంతి వచ్చేది. అప్పుడు ఆ షీటును నా ఫోన్‌లో పెట్టింది. చూడ్డానికే, నేను ఏం నొక్కినా మారదు. పొద్దున లేవగానే "మామా, ఎర్రవి ఎన్ని?" అని అడిగేది. నాకు ఇంగ్లీషు రాదు, రంగులు చాలు. ఏ వరుస జములమ్మలదో గుర్తు పట్టడం నేర్చుకున్నాను. "అదొక్కటే" అని చెప్పేవాడిని.

ఒకరోజు మేనేజరు ఫోన్ చేశాడు. చేతిలో పట్టుకునే సత్తువ లేక ఆమె స్పీకర్ పెట్టి మంచం మీద ఉంచింది, అందుకే నేను విన్నాను. సోమవారం దవాఖానల వాళ్లు షీటు చూసి సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా వద్దా చెప్తారట. "అలాంటి ఇద్దరు పేషెంట్లు నిజంగా ఎక్కడ ఉంటారమ్మా? అది నువ్వు పుట్టించిన కేసు. ఆ ఒక్క వరుస తీసేయి" అన్నాడు. చెడ్డవాడిలా మాట్లాడలేదు. ఆరోగ్యం గురించి ముందే అడిగాడు కూడా.

ఆమె మా ఇంటామెను పిలిచింది. "అత్తా, జర ఇటు రా. సారుకు నీ పేరు చెప్పు."

"జములమ్మ సారూ."

"పెనిమిటి పేరు?"

మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "గాయన పేరు నేనెట్ల చెప్త? పక్కనే కూసున్నడు, ఆయన్నే అడుగు."

నేను ఫోన్ వైపు వంగి చెప్పాను. "తిమ్మప్ప. నేనే. గద్వాలకు రాండ్రి సారూ, జములమ్మల పెనిమిట్లయిన తిమ్మప్పలు ఎంతమంది కావాలో అంతమందిని చూపిస్త." తర్వాత సూది సంగతి కోడలు చెప్పింది, మెల్లగా, ఊపిరి తీసుకుంటూ. ఆయన, సరే ఉండనీ, కానీ ఆ భాగం రాసిన పిల్ల గురించి ఆలోచించమని చెప్పి పెట్టేశాడు.

ఆ పిల్ల మధ్యాహ్నం ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉంటుంది, కొత్తగా చేరింది, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. షీటులో ప్రతి వరుస పక్కన, ఆ భాగం ఎవరు రాశారో వాళ్ల పేరు ఉంటుంది. రోజూ తన పేరు పక్కన ఎరుపు. కొనేవాళ్లు, కంపెనీ పెద్దలు అందరూ చూస్తున్నారు. ఏడ్చింది. బాగు చేస్తాను అక్కా, నాకు టైం కావాలి, అప్పటిదాకా తీసేయి అక్కా, అని బతిమాలింది.

కోడలు ఫోన్ పెట్టేసి, కండ్లు మూసుకుని పడుకుంది. వరుస తీసేస్తే రేపు ఏ దవాఖానలోనో ఎవరి చేతికో తప్పు సూది పోతుంది. తీయకపోతే ఈ పిల్ల ఉద్యోగం పోతుంది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. సలహా ఇవ్వలేదు, నాకు తెలిసిన పని కాదు.

కండ్లు తెరవకుండానే అడిగింది. "మామా, నువ్వు సంతల తువ్వాల దేనికి కప్పుతవు?"

"చేతికి."

"ఎద్దుకు?"

"ఎద్దుకెందుకు కప్పుత? ఒకసారి చెప్పిన గద."

నా కొడుకుతో సిస్టమ్ కిందికి తెప్పించింది. దిండు ఆనించి కూర్చోబెట్టాం. పక్కన ఖాళీ డబ్బా పెట్టుకుని, రెండుసార్లు వాంతి చేసుకుంటూ, ఆ పని చేసింది. షీటులో నుంచి పేర్లున్న నిలువు గళ్లు మొత్తం తీసేసింది, ఆ పిల్లది ఒక్కటే కాదు, అందరివీ. ఎవరి తప్పో వాళ్ల ఒక్కరికే చెవిలో చెప్పినట్టు సందేశం పోయేట్టు యంత్రానికి రాసింది. ఎర్ర వరుస మాత్రం ఉన్న చోటే ఉంది, అందరికీ కనిపించేట్టు. "ఇన్నొద్దులు నేను ఎద్దునూ చేతినీ ఒక్కతీరుగనే బయట పెట్టిన" అన్నది. సాయంత్రం నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నది.

సోమవారం దవాఖానల వాళ్లు షీటు చూసి, ఆ ఎర్ర వరుస బాగైన తర్వాతనే తీసుకుంటామన్నారట. మేనేజరు ఆమెను తిట్టలేదు. అది ఆయన మంచితనం.

ఆఖరుసారి హైదరాబాద్ పోయే రోజు కారు దాకా నేనే ఎత్తుకుపోయి కూర్చోబెట్టాను. బరువు లేదు. అద్దం దించి నన్ను పిలిచింది. అత్తను జాగ్రత్తగా చూసుకో అంటుందేమో అనుకున్నాను.

"నేను లేకుంటే గా వరుస తీసేస్తరేమో మామా. జర చూస్తుండు" అన్నది.

చూస్తాను అన్నాను. నా మాట మీద పెబ్బేరులో ఎద్దులు చేతులు మారాయి. నేను చూస్తానంటే చూస్తాను.

ఆమె పోయిన రోజు పొద్దున కూడా యంత్రం తన పని తాను చేసింది. శవం ఇంకా దారిలోనే ఉంది. నేను ఫోన్ తీశాను. వరుస ఉంది. ఎర్రగానే ఉంది. ఆ తర్వాత రోజూ చూశాను. మా పెద్ద కోడలు చాటుగా మా ఇంటామెను అడిగిందట, మామకు ఏమైనా అయిందా అని. ఎవరేమనుకున్నా నేను చూడడం ఆపలేదు.

కర్మ రోజున ఆ పిల్ల వచ్చింది, హైదరాబాద్ నుంచి బస్సులో, ఒక్కతే. మేము ఎన్నడూ చూడలేదు కనుక ఎవరని అడిగాను. చెప్పింది. ఫోటోకు దండం పెట్టుకుని, మేడ మీది రేకుల కింద కాసేపు కూర్చుని వచ్చింది. ఆ వరుస బాగు కాలేదని నేను అడగకముందే చెప్పింది. మొగుడి పేరు పలకరు, వయసు తెలియదు, ఫోన్ నంబరు కొడుకుది ఇస్తారు, ఒకరి నుంచి ఒకరిని ఎట్లా వేరు చేయాలో దొరకడం లేదని అన్నది. అన్నం విస్తరి ముందు కూర్చుని మా ఇంటామెను అడిగింది. "అమ్మమ్మా, ఏం అడిగితే మీరు సిగ్గుపడకుండా చెప్తారు?"

మా ఇంటామె పప్పు వడ్డిస్తూ "మా అమ్మ పేరు అడుగు, చెప్త. ఎవరూ అడగరు" అన్నది. చెప్పింది కూడా. ఆ పేరు నేను విని ఎన్ని ఏండ్లైందో.

పోయిన వారం ఒక పొద్దున షీటు తెరిస్తే జములమ్మల వరుస ఆకుపచ్చగా ఉంది. నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. ఆ పిల్లకు ఫోన్ చేశాను. "బాగు చేసినవా, రంగేసినవా?" అని ముఖం మీదనే అడిగాను.

ఆ పిల్లకు కోపం రాలేదు. "బాగు చేశాను తాతగారూ, తల్లి పేరు అడిగే గడి పెట్టాను. తర్వాత కావాలని చెడగొట్టి చూశాను, ఎర్రగా వచ్చింది. మళ్లీ సరిచేశాను. అక్క అట్లా చూడకుండా వదిలేది కాదు కదా" అన్నది. మంచిది అని పెట్టేశాను.

ఫోన్ పక్కన పెట్టబోతూ మళ్లీ చూశాను. అన్నింటికంటే కింద, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న చోట, ఒక కొత్త వరుస వచ్చి ఉంది. ఎర్రగా. నా కొడుకు పక్కనే చెప్పులు వేసుకుంటున్నాడు. వాడిని పిలిచి, ఏం రాసి ఉందో చదవమన్నాను. వాడు ఫోన్ అందుకుని, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, ఇంగ్లీషును తెలుగు చేసి చదివాడు.

"ఇంకా పేరు పెట్టని కవల పిల్లలు."